బండికీ తేమ శాతం చూడాలి

ఆరబెట్టే విద్యలో మా జిల్లాను మించిన జిల్లా లేదు. కోతల రోజుల్లో నెల్లూరు నుంచి పల్లెల వైపు బయలుదేరిన వారికి దారి సగమే దొరుకుతుంది, తక్కిన సగం ధాన్యానిది. ఇసకపల్లి దగ్గర ఉప్పునీటిని మళ్లలోకి పారించి, ఎండగట్టి ఉప్పు తీస్తారు. పొరుగున ప్రకాశం జిల్లా వారు పొగాకు ఆకును కర్రలకు గుచ్చి బ్యారన్లో వేలాడదీసి, బిడ్డకు జ్వరం కనిపెట్టినట్టు రాత్రింబవళ్లు వేడిని కనిపెట్టుకుని ఉంటారు. చేపను, మిరపకాయను, వడియాన్ని వదలని ఈ జనానికి కడిగిన మోటార్‌సైకిల్‌ను ఆరబెట్టడం మాత్రం చేతకాదు. ఇది చిన్న విషయం కాదని నా మనవి.

మా మేనల్లుడినే తీసుకోండి. ఆదివారం ఉదయం అతను బండి కడిగితే వీధి వీధంతా చూడాల్సిందే. పైపు, షాంపూ, మోచేతుల దాకా నురగ, చక్రాల ఊచలకు పాత పళ్ల బ్రష్షు. గంటసేపు ఈ అభిషేకం జరిపించి, చివరి బకెట్టు కుమ్మరించి, దోసెలు చల్లారిపోతాయని లోపలికి పోతాడు. "తుడవవా?" అంటే, "ఎండ ఉంది కదా మామయ్యా, అదే ఆరుతుంది" అంటాడు.

కడగడం ప్రారంభోత్సవం లాంటిది, చూసేవాళ్లుంటారు. ఆరబెట్టడం నిర్వహణ. నిర్వహణ చేస్తూ ఫొటో దిగినవాణ్ని మన రాష్ట్రంలో నేనింతవరకు చూడలేదు.

ఎండ ఆరబెట్టేది పైపైనే. మా వీధి బోరు నీళ్లను ఎండకు వదిలేస్తే నీరు పోయి సున్నం మిగులుతుంది, నల్లటి ట్యాంకు మీద తెల్లమచ్చ పొడిచినట్టు. లోపలి తడి సంగతి సోమవారం తెలిసింది. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మెకానిక్ భాయ్ ఇంజను స్పార్క్ ప్లగ్గు మీది టోపీ లాగి, ప్లగ్గు కూర్చునే గుంటలో గుడ్డపేలిక ముంచి నా ముఖం ముందు పిండాడు. చెంచాడు నీళ్లు! ఆ గుంటలోంచి నీరు బయటికి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుందట. దాన్ని మట్టి ఎప్పుడో పూడ్చేసింది. (మా వీధి కాలువ కథ కూడా ఇంతే, అది వేరే వ్యాసం.) తాళం రంధ్రంలో, స్విచ్చుల సందుల్లో, సీటు కింద, గొలుసు లింకుల మధ్య ఇలాంటి చెరువులు ఇంకెన్నో. పైగా మైపాడు వైపు నుంచి వచ్చే గాలి ఉప్పుగాలి. ఉప్పు తేమను లాగి పట్టుకుంటుంది, తుప్పు మిగతా పని చూసుకుంటుంది.

ధాన్యం అమ్మబోతే 17 శాతం మించి తేమ ఉండకూడదంటారు. మించితే తరుగు, లేదా తిరుగు. రైతుకు ఇంత కఠినమైన చట్టం పెట్టిన ప్రభుత్వం బండ్లను ఎందుకు ఉపేక్షిస్తోంది? వీధి చివర తేమ యంత్రంతో ఒక ఉద్యోగిని కూర్చోబెట్టాలి. గొలుసు తడిగా ఉంటే లీటరు పెట్రోలుకు వంద మిల్లీలీటర్లు తరుగు తీయాలి. వారం తిరగకుండా జిల్లా అంతా పొడిబారిపోతుంది.

చట్టం వచ్చేలోగా మా అక్క పద్ధతి అమలు చేశాము. ఇదే మేనల్లుడికి చిన్నప్పుడు తలంటు పోసి, చెవుల వెనక, మెడ మడతల్లో తడి లేకుండా మెత్తటి నూలుగుడ్డతో ఒత్తి, సాంబ్రాణి పొగ వేసిన మనిషి ఆమె. "బండికీ మడతలుంటాయి కదరా" అంది. పాత పంచె ముక్కతో రుద్దకుండా ఒత్తించింది. రుద్దితే మిగిలిన ఇసుక రంగు మీద గీతలు పెడుతుంది. సందుల్లోకి సైకిల్ పంపుతో గాలి కొట్టించింది. ఆ తర్వాత ఇంజను కాసేపు నడిపి, బ్రేకులు మెల్లగా నొక్కుతూ మూడు కిలోమీటర్లు పోయి రమ్మంది. తడిసిన డిస్కు మొదటి నొక్కుకు సరిగా పట్టదు. గొలుసుకు నూనె తిరిగి వచ్చాక వేయాలి, తడి మీద వేస్తే నీళ్లను లోపల పెట్టి తాళం వేసినట్టే. సాంబ్రాణి ఒక్కటే మినహాయించింది, పెట్రోలు ఉందని.

వెనక నేను కూర్చున్నాను. కోవూరు దాటి బుచ్చిరెడ్డిపాళెం దారి పట్టాము. అక్క చెప్పిన మూడు కిలోమీటర్లు ఎప్పుడో దాటిపోయాయి, కుర్రాడికి ఉత్సాహం వచ్చింది. మలుపు తిరగగానే రోడ్డు నిండా ధాన్యం. బ్రేకు పట్టింది, చక్కగా పట్టింది, కానీ రాశిలోకి నాలుగడుగులు పోయాక. చక్రాలకు, గొలుసుకు, నా పంచెకు వడ్లే. కాపలా ఉన్న పెద్దాయన మమ్మల్ని ఏమీ అనలేదు. వంగి గొలుసు దగ్గర ఇరుక్కున్న గింజ ఒకటి తీసి, పంటి కింద పెట్టి కొరికాడు. పటుక్కుమనలేదు.

"ఇంకా రెండెండలు పడాలి" అన్నాడు.

ధాన్యానికా, బండికా అని అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.