కంటెంట్ ఫ్రీజ్ అనే దురాచారం

దుకాణదారుడి స్వేచ్ఛ మీద ఈ కాలంలో జరుగుతున్న దాడుల్లో అతి హేయమైనది కంటెంట్ ఫ్రీజ్, అంటే కొత్త సైట్ తెరిచేముందు కొన్నాళ్లు సరుకుల వర్ణనలూ ఫొటోలూ మార్చొద్దనే ఆంక్ష. బెంగళూరులో ఆన్‌లైన్ దుకాణం నడిపే తెలుగువాళ్లంతా పార్టీలకూ జిల్లాలకూ అతీతంగా దీన్ని ఖండించాలి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కూర్చుని ఉప్పాడ చీరలు అమ్మేవాళ్లనడగండి, మారతహళ్లి నుంచి గోంగూర పచ్చడీ నెయ్యీ పార్సిల్ చేసేవాళ్లనడగండి, ఒకటే గోడు. సైట్‌కి కొత్త రూపు ఇస్తానని వచ్చిన ఏజెన్సీ కుర్రాడు అడ్వాన్స్ పడేదాకా "మీరెలా అంటే అలా అన్నా" అంటాడు. పడ్డాక "అన్నా, ఓ పది రోజులు సైట్‌లో ఏమీ ముట్టుకోకండి" అంటాడు. సైటు మనది, చీర మనది, ముట్టుకోకూడనిదీ మనమేనట.

న్యాయం కోసం ప్రతివాది మాట కూడా విందాం. కొత్త సైట్‌ని ఖాళీ జాగాలో కట్టరు. నడుస్తున్న (లైవ్) సైట్‌కి నకలు తీసి, స్టేజింగ్ అనే ఆ నకలు మీద పనిచేస్తారు. నకలు తీసిన క్షణం నుంచి దుకాణాలు రెండు. లైవ్‌లో చీర ధర 6,800 నుంచి 6,200కి దించితే ఆ సంగతి స్టేజింగ్‌కి తెలియదు. లాంచ్ నాడు 6,800 మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అందుకని ఆఖరి వారం పది రోజులూ వర్ణనలు, ఫొటోలు, కేటగిరీలు కదపొద్దంటారు. తప్పక కదిపితే ఒక షీట్‌లో తేదీ, సరుకు కోడ్, పాత విలువ, కొత్త విలువ, మార్చినవారి పేరు రాయమంటారు. లాంచ్ రాత్రి ఆ షీట్ ముందు పెట్టుకుని, ఒక్కో వరుసా కొత్త సైట్‌లో ఎక్కించి టిక్కు కొడతారట. అయిదు గడులు! వాట్సాప్ వాయిస్ నోట్ అనే దివ్యసాధనం చేతిలో ఉండగా! "ఆ మెరూన్ చీర ఉంది చూడు, మొన్నటిది, దానికి కాస్త తగ్గించు" అని స్పష్టంగా చెప్పాక ఇంకా గడులెందుకు?

వర్డ్‌ప్రెస్ సైట్‌ని దుకాణంగా మార్చే వూకామర్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో సైట్లు కట్టేవాళ్లు మరీ బెదరగొడతారు. అందులో చాలాకాలం పేజీ, చీర, ఆర్డరు అన్నీ ఒకే పట్టికలో, ఒకే వరుస నంబర్లతో కూర్చునేవి. 2023 అక్టోబర్‌లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచి కొత్తగా తెరిచే దుకాణాలకు ఆర్డర్లు వేరే పట్టికల్లోకి వెళ్లాయి గానీ, అంతకుముందువి ఎవరో పూనుకుని మారిస్తే తప్ప పాత పద్ధతిలోనే నడుస్తుంటాయి. స్టేజింగ్‌లో మీరు ఎక్కించిన కొత్త చీరకు 8412 నంబరు వస్తుంది. అదే పూట లైవ్‌లో కొన్నవారి ఆర్డరుకూ 8412 వస్తుంది. రెంటినీ ఎలా కలుపుతారు? కలపలేక, స్టేజింగ్ డేటాబేస్ మొత్తాన్ని తెచ్చి లైవ్ మీద కుమ్మరిస్తారు. దాంతో నకలు తీసిన తర్వాత వచ్చిన ఆర్డర్లన్నీ అంతర్ధానం. డబ్బు మాత్రం పేమెంట్ గేట్‌వే ఖాతాలో భద్రంగా ఉంటుంది. ప్యాకింగ్ లేదు, కొరియర్ లేదు, డబ్బు ఉంది. ఇంతటి వ్యాపార విజయాన్ని ప్రమాదం అని పిలిచే మనుషుల్ని ఏమనాలి? కోడ్, డిజైన్ స్టేజింగ్ నుంచి లైవ్‌కి పోవాలి, డేటా లైవ్ నుంచి స్టేజింగ్‌కి రావాలి, ఎదురు నడవకూడదు అని వీళ్ల సిద్ధాంతం. వన్‌వేలో ఎదురు నడపనివాడు బెంగళూరులో ఆఫీసుకెలా చేరతాడో వీళ్లే చెప్పాలి.

షాపిఫై అనే అద్దె దుకాణాల వేదికలో ఉన్నాం, మాకా బాధ లేదు అనుకునేవాళ్లకు వేరే వడ్డన ఉంది. అక్కడిది పాతకాలపు ఉమ్మడి కుటుంబం: సరుకు ఉమ్మడి ఆస్తి, అలంకారం ఎవరి గదిలో వాళ్లది. కొత్త థీమ్, అంటే ఆ అలంకారం, ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉందిగదా అని దానికి సరిపడేలా చీర వర్ణనను మూడు ముక్కలకు కుదిస్తే, అది లైవ్‌లో కూడా ఆ నిమిషమే కుదించుకుపోతుంది. హోమ్ పేజీ బ్యానర్ సంగతి సరిగ్గా తలకిందులు. అది థీమ్‌లోనే ఉంటుంది కాబట్టి, లైవ్ థీమ్‌లో పెట్టిన దసరా బ్యానర్ కొత్త థీమ్‌లోకి రాదు. నకలు తీసిన రోజున ఏముందో అదే ఉంటుంది. విజయదశమి నాడు కొత్త సైట్ తెరిచి "ఆషాఢం ఆఫర్" చూపించే దుకాణాలు అలా పుడతాయి. రివ్యూల యాప్, వాట్సాప్ బటన్ లాంటివి కూడా కొత్త థీమ్‌లో మళ్లీ ఆన్ చేయాల్సినవే ఎక్కువ. ఎవరూ చేయరు. లాంచయ్యాక "రివ్యూలు పోయాయి" అని గగ్గోలు పెడతారు, అవి ఎక్కడికీ పోలేదు.

ఇక కంటెంట్ ముందా, డిజైన్ ముందా అనే ధర్మసందేహం. మన ఆచారం ప్రకారం డిజైన్ ముందు, కంటెంట్ "ఆఖర్న చూసుకుందాం". డిజైనర్ లాటిన్ డమ్మీ అక్షరాలు పోసి ముచ్చటైన గడులు గీస్తాడు. సరుకు పేరుకు రెండు లైన్లు, అంతే. ఆమోదిస్తాం. లాంచ్‌కి ముందు రోజు అసలు పేరు వస్తుంది: "ఉప్పాడ జాందానీ పట్టు చీర, మెరూన్ రంగు, వెండి జరీ అంచు, బ్లౌజు గుడ్డతో కలిపి". రెండో లైన్ చివర చుక్కలు మిగిలి, అంచు, బ్లౌజు గాలిలో కలుస్తాయి. పైగా ఇంగ్లిష్ కొలతతో లైన్ ఎత్తు అక్షరం సైజుకు 1.2 రెట్లే పెట్టి ఉంటారు. ఆ గడిలో తెలుగు పోస్తే కింది లైన్ ఒత్తులు గడి అంచుకు తగిలి తెగుతాయి. "వస్త్రాలు" అన్న మాట కింద త, ర రెండూ ఊడిపోయి "వసాలు" అయి కూర్చుంటుంది. లైన్ ఎత్తు 1.6 దాకా పెంచితే ఒత్తులు బతుకుతాయి గానీ, అప్పుడు ప్రతి గడీ ఎత్తు పెరిగి, వరుసలన్నీ వంకరపోయి, డిజైనర్ అలుగుతాడు. డిజైన్ మొదలెట్టే రోజే అన్నింటికన్నా పొడుగు పేరున్న చీరలు ఓ పది, అన్నింటికన్నా చిన్న పేరున్న సరుకులు ఓ పది, ఫొటో లేనివి రెండు ఇచ్చేస్తే ఇదంతా ఉండదని అంటారు. ఇస్తే మరి డిజైనర్‌కి అలిగే అవకాశమేది? వర్ణనలు డీటీపీ సెంటర్‌లో అనూ ఫాంట్లలో కొట్టించి ఉంచుకున్న కుటుంబాలది మరో వైభవం. అది కంప్యూటర్లన్నీ తెలుగును గుర్తుపట్టే యూనికోడ్ కాదు కనుక సైట్‌లో అతికించగానే తెలుగు పోయి కామాలు, బ్రాకెట్లు, ఎక్కడివో యూరప్ అక్షరాలు తాండవిస్తాయి. కన్వర్టర్‌తో మార్చి, ఆ తర్వాత ఒత్తు ఒత్తూ సరిచూడాలి. అయిదారొందల సరుకులుంటే రోజుల తరబడి పని. మనం దానికి లాంచ్ రాత్రి పదకొండు గంటలు కేటాయిస్తాం.

ఫ్రీజ్‌ని సాక్షాత్తూ ప్రభుత్వమే గౌరవించదనడానికి సాక్ష్యం ఉంది. 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది, 22న, అంటే నవరాత్రులు మొదలైన రోజే, అవి అమల్లోకి వచ్చాయి. మధ్యలో పందొమ్మిది రోజులు. నెయ్యి 12 నుంచి 5 శాతానికి దిగింది. కుట్టిన దుస్తుల్లో 1,800 రూపాయల డ్రెస్ 12 నుంచి 5కి దిగితే, 2,600ది 12 నుంచి 18కి ఎక్కింది, గీత 2,500 దగ్గర గీశారు కాబట్టి. ఆగస్టులో నకలు తీసుకున్న సైట్ అక్టోబర్‌లో లేస్తే దానితోపాటు పాత పన్ను కూడా లేస్తుంది. అందుకే పన్ను, ధర, స్టాకు, డెలివరీ పిన్‌కోడ్లు ఫ్రీజ్‌లోకి రావని, వాటిని రెండు చోట్లా అదే రోజు మార్చాలని ముందే రాసుకోవాలట. 2018 జనవరి 1 నుంచి ప్యాకెట్ సరుకులకు ఎమ్మార్పీ, నికర బరువు, తయారీదారు పేరు సైట్‌లో చూపించడం తప్పనిసరి కదా, కొత్త డిజైన్‌లో అందానికి అడ్డమని పీకేసినవి కూడా మొట్టమొదట అవే.

లాంచ్‌కి మంగళవారమో బుధవారమో తెల్లవారుజాము మంచిదంటారు. ఆర్డర్లు తక్కువ, పైగా వారంలో ఇంకా పనిదినాలు మిగిలుంటాయి. శ్రావణ శుక్రవారాలు, దసరా, దీపావళి ముందు వారాలు వద్దంటారు. మన సంప్రదాయం శుక్రవారం సాయంత్రం. సైట్ లేపి, కుర్రాళ్లు మడివాళలో బస్సెక్కి ఊళ్లకు పోతారు. సెర్చ్ ఇంజిన్లను రావద్దనే టిక్కు స్టేజింగ్ నుంచి అలాగే వచ్చిందని, పాత పేజీల చిరునామాలన్నింటికీ ఒక్కోదానికి దాని కొత్త జోడు చూపకుండా గంపగుత్తగా హోమ్ పేజీకి 301 (శాశ్వత దారి మళ్లింపు) కొట్టారని సోమవారం తెలుస్తుంది. అలా హోమ్ పేజీకి తోసినవాటిని గూగుల్ పేజీ లేనట్టే లెక్కేస్తుంది. దారి మళ్లింపులు కనీసం ఏడాది ఉంచమని కూడా అదే చెబుతుంది. ఆ మళ్లింపులు చేసే మన ప్లగిన్ చందా మూడో నెలలో అయిపోతుంది.

అన్నింటికన్నా దుర్మార్గం, లాంచయ్యాక కూడా రెండు మూడు రోజులు ఏమీ మార్చొద్దనడం. ఏదైనా ఆగిపోతే తప్పు కోడ్‌దో కంటెంట్‌దో తేలాలంటే ఒక పక్క కదలకుండా ఉండాలట. ఈ ఆంక్షను మొదటి గంటలోనే ధిక్కరించాలి. ఆరు మెగాబైట్ల బ్యానర్ ఒకటి, కొత్త కూపన్ రెండు, పాపప్ ఒకటి వెంటనే ఎక్కించండి. ఆ తర్వాత చెల్లింపు పేజీ తిరుగుతూ ఉండిపోతే, నేరం బ్యానర్‌దా, పాపప్‌దా, కోడ్‌దా అని తేల్చుకోవడం బస్సులో ఉన్న కుర్రాడి పని. బాకీ ఇంకా సగం మన దగ్గరే ఉంది.