గుంత తవ్వినవాడి చేతికి కాగితమేది?

పశ్చిమాఫ్రికా దేశం బుర్కినా ఫాసోలో అన్నం అంటే ‘తో’. జొన్నపిండో సజ్జపిండో ఎసట్లో పోసి, గట్టిపడేదాకా తెడ్డుతో కెలికి ముద్దగా దించుతారు. పక్కన బెండకాయ పులుసో, బావోబాబ్ ఆకు కూరో. అందులో నేరే చెట్టు గింజలు పులియబెట్టి చేసిన సుంబలా పడాలి. ఆ వాసన అలవాటైనవాళ్లకు అది లేకపోతే ముద్ద దిగదు. సంగటి తిని పెరిగిన సీమవాళ్లకు ఈ ముద్ద గురించి మేం ఇంతకుమించి చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఆ జొన్న పండే నేల గురించి.

సముద్రం లేని ఈ దేశానికి చుట్టూ ఆరు దేశాలు. నైరుతిలో బోబో జులాసో వైపు వానలు ఫర్వాలేదు, పత్తి, మొక్కజొన్న పండుతాయి. ఉత్తరాన యటెంగా కథ వేరు. కురిసేదంతా జూన్, సెప్టెంబరు మధ్యే. 1970ల కరవులో అక్కడి నేల పైపొర పెంకులా బిగుసుకుపోయింది. చినుకు పడినా ఇంకదు, జారిపోతుంది. జనం దక్షిణానికీ, ఐవరీ కోస్ట్ తోటల్లో కూలికీ వలసపోయారు.

యకూబా సవడోగో అనే రైతు మాత్రం వెళ్లలేదు. వహిగుయా పట్టణం పక్కన గుర్గాలో ఉండిపోయి, తాతల నాటి ‘జాయ్’ గుంతలకు మెరుగులు దిద్దాడు. ఎండాకాలంలోనే, రాయిలాంటి నేలలో, సుమారు జానెడు వెడల్పు గుంత. హెక్టారుకు అలాంటివి పదివేలకు పైనే. ఒక్కోదాంట్లో గుప్పెడు పశువుల ఎరువు. దానికి చెదలు వస్తాయి. మన దగ్గర చెదలంటే మందు కొట్టేస్తాం. అక్కడ అవే కూలీలు. అవి తొలిచిన సొరంగాల్లోంచి తొలకరి నీరు లోపలికి దిగుతుంది. ఆ తేమలో జొన్న మొలుస్తుంది. ఎరువుతోపాటు చెట్ల గింజలూ వేశాడు సవడోగో. బీడు మీద అడవే లేచింది. మొదట్లో పిచ్చోడన్నారు, చెట్లకు నిప్పు కూడా పెట్టారు. 2018లో ఆయనకు ‘ప్రత్యామ్నాయ నోబెల్’ అనే రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2023 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు.

మా బాధ అవార్డు ఆలస్యమైందని కాదు. ఊరు పెరిగేకొద్దీ ఆయన అడవిలో కొంత మేర ప్లాట్లు కొట్టారు, ఇళ్లు లేచాయి. 1984లో అప్పటి అధ్యక్షుడు థామస్ సంకరా ప్రభుత్వం భూమంతా రాజ్యానిదేనంది. సంప్రదాయ పెద్దల పెత్తనం నుంచి నేలను విడిపించాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ పెత్తనం ఊరి పెద్ద దగ్గర్నుంచి ఆఫీసుకు మారిందే తప్ప గుంత తవ్వినవాడి చేతికి రాలేదు. పల్లె రైతుల హక్కును గుర్తించే చట్టం 2009లో గానీ రాలేదు. అయినా పొలానికి ప్లాటు ధర పలికాక చట్టం ఏ మాత్రం నిలబడుతుందో హైదరాబాద్ శివారు రైతును అడిగినా చెబుతాడు.

ఇప్పుడు సైనిక పాలకుడు ఇబ్రహీం ట్రావోరే ప్రభుత్వం ట్రాక్టర్లు పంచుతోంది, తిండిగింజల్లో స్వయంసమృద్ధి అంటోంది. మంచిదే. అయితే ఉత్తరాన పొలానికి వెళ్లే మనిషేడీ? 2015 నుంచి సాగుతున్న సాయుధ దాడులతో దాదాపు 20 లక్షల మంది ఇళ్లు వదిలారు. జిబో లాంటి పట్టణాలు దిగ్బంధంలో నెలల తరబడి నలిగాయి. అక్కడి ఆకలిని కరవు ఖాతాలో రాసేస్తే చేతులు దులుపుకున్నట్టే. వాన పడిన ఏడాది కూడా విత్తలేని రైతు ఆకలికి మబ్బును ఎలా తిడతాం?

జాయ్ గుంతను ఒకసారి తవ్వి వదిలేస్తే సరిపోదు. తిరిగి ఎరువు వెయ్యాలి, పూడిక తియ్యాలి. మనిషి లేకపోతే ఇసుక నిండి నేల మళ్లీ పెంకు కడుతుంది. పారిపోయినవాళ్లు తిరిగొచ్చేసరికి ఆ పొలం చెక్కలు ఎవరెవరివో ఊళ్లవారీగా రాసి ఉండాలి. శిబిరాల్లో ఉన్న పెద్దలకు సరిహద్దు చెట్లు ఇంకా గుర్తున్నాయి. ట్రాక్టర్ల పంపకం కంటే ముందు, వాళ్లు బతికుండగానే, ఆ లెక్క రాయించాలి.