పైముడతా, కిందముడతా?

మా ఇంట్లో ఆదివారం టిఫినంటే ఉగ్గాని, బజ్జి. బజ్జీలోకి మిరపకాయలు ఈ ఏడు కొనేది లేదు, మన మిద్దె మీదే కాయిస్తా అని పంతం పట్టి తొమ్మిది కుండీల్లో బజ్జీ మిరప నాటాను. పక్కన రెండు టమాటా, ఒక చిక్కుడు, ఇంత నిమ్మగడ్డి. అనంతపురం ఎండకు తట్టుకోలేవని పైన పాత చీరతో పందిరి కూడా వేశాను. అది పాత చీర కాదని తర్వాత తెలిసిందిలెండి, ఆ కథ వేరు.

మొక్కలు మోకాలెత్తు వచ్చి పూత మొదలైనప్పుడు ఒక కొమ్మకు పేనుబంక కనబడింది. నాలుగాకులకు, అంతే. వేలితో తుడిస్తే పోయేది. నేనెందుకు తుడుస్తాను, ఉరవకొండ పక్క పల్లెలో ఉండే మా చిన్నాయన ఇంటికి బస్సెక్కి పోయాను. ఆయన చేన్లో ఉన్నాడు. చిన్నమ్మతో ఒక మాట చెప్పి, వసారాలో ఉన్న రెండు మందు పంపుల్లో కాస్త నీటుగా, పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉన్నదాన్ని ఏరుకుని, వచ్చేటప్పుడు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. 16 లీటర్ల పంపు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, అదే. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి వీపుకు తగిలించుకుని మిద్దె మీద తిరుగుతుంటే, అబద్ధమెందుకు, కాస్త రైతునైపోయినట్టే అనిపించింది.

మూడోరోజుకు కొత్త చిగుళ్ళు మెలికలు తిరిగాయి.

పక్కింటి అక్క పిట్టగోడ మీంచి చూసి ఒక్క మాటలో తేల్చేసింది. "దిష్టి తమ్ముడూ. అన్ని మొక్కలు పెడితే కండ్లు పడవా?" మర్నాడు నీళ్ళ ట్యాంకు వెనక, తన గోడకు అందే కుండీలోని మొక్కకు ఒక నిమ్మకాయ, ఒక పాత చెప్పు కట్టింది. మిరపచెట్టుకు దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు కూడా గుచ్చబోతే నేనే వద్దన్నాను.

నాకు సైన్సు మీద నమ్మకం ఎక్కువ కాబట్టి మందుల అంగడికి పోయాను. అంగడాయన అడిగింది ఒకటే: "పైముడతా, కిందముడతా?" నేను బిక్కమొహం వేస్తే పాపం ఓపిగ్గానే చెప్పాడు. ఆకు అంచులు పైకి లేచి పడవలా ఉంటే పైముడత, అది తామర పురుగు పని. కిందికి వంగి బోర్లించిన పడవలా ఉండి, కాడ సాగితే కిందముడత, అది నల్లి. ఆకులు చిన్నవై, పసుపెక్కి, ముద్దగట్టుకుపోతే బొబ్బర, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్సు, దానికి మందు లేదు, పీకి పారేయడమే. అంతా బాగుంది కానీ, పడవతో పోలిస్తే అనంతపురంలో ఎవరికి అర్థమవుతుంది సామీ!

ఫోన్లో ఫోటో చూపించాను. ఆయన పైముడతన్నాడు. వంగి కింది నుంచి తీశానేమో అని నాకు అనుమానమొచ్చి ఫోన్ తిప్పాను, ఫోటో కూడా దాంతోపాటు తిరిగి మళ్ళీ అలాగే నిలబడింది. ఇద్దరం మెడలు వంచి చూశాం. "ఆకు తెచ్చుంటే అయిపోయేది కదన్నా" అన్నాడు. మర్నాడు కవర్లో ఆకు వేసుకుని పోయాను. ఆ ఎండకు స్కూటర్ మీద వాడి, అంగడి చేరేసరికి పైకీ కిందికీ పక్కకీ అన్ని ముడతలూ పడింది. ఆయన దణ్ణం పెట్టి నల్లికి గంధకం పొడి ఇచ్చాడు, లీటరుకు 3 గ్రాములు.

మళ్ళీ పంపు ఎత్తాను. కొట్టాక ఇంకా ముడుచుకున్నాయి. ఎవరో పులిసిన మజ్జిగలో ఇంగువ కలిపి కొట్టమన్నారు. అదీ ఆ పంపుతోనే. మిద్దె మీద రెండురోజులు మజ్జిగ పులుసు వాసన, మొక్కలు మాత్రం ఇంకా దిగజారాయి. నాన్న పేపర్ చదివే భూతద్దం తీసుకుని, తెల్లకాగితం మీద చిగుళ్ళు దులిపి చూశాను. కదలనివి దుమ్ము, కదిలినవి చీమలు. ఆకు మాత్రం అప్పుడు సరిగ్గా చూశాను: అరచేతిలో సగం ఉండాల్సింది సన్నగా రిబ్బనులా సాగి, ఈనెలన్నీ పక్కపక్కనే దగ్గరికొచ్చి, కొమ్మ కొస గొడుగు పిడిలా వంగింది. టమాటా, చిక్కుడు కూడా అంతే. నిమ్మగడ్డి ఒక్కటి నాకేం పట్టనట్టు ఊగుతోంది. ఏ పురుగైనా మూడు జాతుల మొక్కల్ని ఒకే వారంలో ఒకేలా మెలిపెడుతుందా అని అప్పుడైనా ఆలోచించాల్సింది. నేను మజ్జిగ చాల్లేదేమో అనుకున్నాను.

ఆదివారం చిన్నాయన పంపు కోసం వచ్చాడు. మిద్దెక్కి, మొక్కల్ని చూసి, పంపును చూసి, నన్ను చూశాడు.

"ఏందిరా, దీంతోనా కొట్టినావు?"

"మూడుసార్లు" అన్నాను, కష్టపడ్డానని తెలియాలని.

"రేయ్, ఇది కలుపు పంపు. గట్ల మీద వయ్యారిభామకు 2,4-డి కొట్టేది దీంతోనే. మిరపకు వేరే పంపు పెట్టుకున్నా. ఎర్రగుడ్డ ఎందుకు కట్టినాననుకున్నావు?"

"గుర్తు కోసమనుకున్నా."

"ఆ, గుర్తు కోసమే!"

2,4-డి వెడల్పాకు మొక్కల్ని మెలితిప్పి చంపే కలుపు మందు, గడ్డిజాతిని పెద్దగా ముట్టదు. ఆయన కొట్టేది నూనెలాంటి రకం, నీళ్ళతో ఊరికే తొలిస్తే పోదట. నా వేపనూనె, సబ్బునీళ్ళు పోయి, పైపులో అంటుకున్నదాన్ని బాగా కరిగించి మరీ మొక్కలకు అందించాయి. అంటే నేను వైద్యం చేసిన ప్రతిసారీ రోగం పోశానన్నమాట. వీటి కాయలు తినొద్దు, పీకెయ్యమన్నాడు చిన్నాయన. ఎనిమిది మిరప, రెండు టమాటా, చిక్కుడు పోయాయి. బజ్జీలకు మిరపకాయలు కొనుక్కురమ్మని మా ఆవిడ సంచి చేతికిచ్చింది, ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఎనిమిదే ఎందుకంటే, ట్యాంకు వెనకది నిక్షేపంగా ఉంది. వీపు మీద ఆ పంపుతో ఆ సందులో దూరలేక మూడుసార్లూ దాన్ని వదిలేశాను. ఇప్పుడు దానికి ఐదు కాయలు, ఒక్కోటి జానెడు. నేను ఇదంతా పక్కింటి అక్కకు వివరంగా చెప్పాను, పంపు, ఎర్రగుడ్డ, వయ్యారిభామ, అన్నీ. ఆమె పూర్తిగా విని, ఎండిపోయిన నిమ్మకాయను వేలితో ఊపి చూపించింది.

"నేను కట్టింది ఈ ఒక్కదానికే కదా తమ్ముడూ?"