నల్లుల గురించి తిరుగుతున్న ఆ మెసేజ్ నమ్మకండి, ముఖ్యంగా ఐదో మాట

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఈ నెలలో మూడోసారి వచ్చింది ఆ మెసేజ్. పైన పెద్ద అక్షరాల్లో "నల్లుల పీడ ఒక్క రాత్రిలో మాయం" అని ఉంది. కింద ఐదు మాటలు. నల్లులు శుభ్రం లేని ఇళ్లలోనే పుడతాయట. ఒకరి రక్తం తాగి ఇంకొకరిని కుట్టి ఎయిడ్స్, కామెర్లు అంటిస్తాయట. పరుపు ఒక పూట ఎండలో వేస్తే చస్తాయట. ఇంటికి పదిహేను రోజులు తాళం వేస్తే ఆకలికి చస్తాయట. ఇవేవీ కుదరకపోతే, ధాన్యంలో పెట్టే సెల్ఫాస్ మాత్రలు గది నాలుగు మూలలా పెట్టి తలుపులు మూసేస్తే తెల్లారేసరికి గుడ్లతో సహా పోతాయట.

మొదటి నాలుగు మాటలు నమ్మితే డబ్బు, నిద్ర పోతాయి. ఐదోది నమ్మితే మనుషులు పోతారు. అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

"శుభ్రం లేని ఇళ్లలోనే పుడతాయి." ఈ మాట మా ఇంటికి చేసిన చెరుపు నాకు బాగా గుర్తు. రెండేళ్ల కిందట మా అమ్మాయి హాస్టల్ నుంచి తెచ్చుకున్న సూట్‌కేసుతో నల్లులు వచ్చాయి. మా అత్తగారు రోజుకు రెండుసార్లు ఇల్లు తుడిచే మనిషి. అయినా సిగ్గుతో రెండు నెలలు ఎవరికీ చెప్పుకోలేదు. ఒక రాత్రి మంచం తలవైపు చెక్క విప్పి, స్క్రూ రంధ్రంలోకి టార్చి వేసి చూశాను. కందిపప్పు బద్దంత గోధుమరంగు పురుగులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. వాటి పక్కన పంచదార పలుకుల్లాంటి తెల్లటి గుడ్లు. చెక్క మీద బాల్‌పెన్నుతో పొడిచినట్టు నల్ల చుక్కలు. తడిగుడ్డతో తుడిస్తే ఆ చుక్కలు గోధుమరంగుగా సాగాయి. అది నల్లులు తాగి, అరిగించుకుని వదిలిన మా రక్తమే.

నల్లి చెత్త తినదు, మురికి తినదు. దాని తిండి రక్తం ఒక్కటే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. ప్రతి కుబుసానికి ముందు దానికి ఒకసారి రక్తం కావాలి. రెక్కలు లేవు, దూకలేదు. నడిచి వస్తుంది, లేదా మన సామానులో ఎక్కి వస్తుంది. బస్సు సీటు, సినిమా హాలు కుర్చీ, సెకండ్ హ్యాండ్ సోఫా, హోటల్ మంచం, ఏదైనా దానికి వాహనమే. ఫ్రాన్స్ ప్రభుత్వ ఆరోగ్య భద్రతా సంస్థ లెక్క ప్రకారం 2017 నుంచి 2022 మధ్య అక్కడ నూటికి 11 ఇళ్లలో నల్లులు పడ్డాయి. ఇంటి ఆదాయానికీ దీనికీ సంబంధం కనిపించలేదని కూడా ఆ సంస్థే చెప్పింది. సామాను చిందరవందరగా ఉంటే నల్లులు దాక్కోవడానికి చోట్లు ఎక్కువ, ఏరడం కష్టం. అంతవరకు నిజం. కానీ సిగ్గుపడి దాచిన ప్రతి వారమూ వాటికే లాభం. మన వేడికి గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి ఐదారు వారాలు చాలు.

"ఎయిడ్స్, కామెర్లు అంటిస్తాయి." లేదు. నల్లి కాటు వల్ల మనిషికి హెచ్ఐవీ (ఎయిడ్స్ తెచ్చే వైరస్) గానీ హెపటైటిస్ (కామెర్లు తెచ్చే కాలేయ జబ్బు) గానీ సోకినట్టు ఇప్పటిదాకా ఎక్కడా తేలలేదు. ఆఫ్రికాలోని గాంబియాలో ఇళ్లలో మందు కొట్టి నల్లులను బాగా తగ్గించి చూశారు. పిల్లల్లో హెపటైటిస్ బి మాత్రం ఏమీ తగ్గలేదని 1994లో ఆ ఫలితాలు వచ్చాయి. అలాగని నల్లులు తేలిగ్గా తీసుకోవలసినవీ కావు. దద్దుర్లు, గోకి గోకి చేసుకున్న పుండ్లు, నిద్ర లేని టెన్షన్ చాలా నిజం. నల్లులు మరీ ఎక్కువైన ఇళ్లలో పసిపిల్లలకు రక్తహీనత రావచ్చని 1962లోనే మన దేశ పరిశోధకులు హెచ్చరించారు.

ఇక్కడే ఇంకో మాట. ప్రతి దురదా నల్లి కాదు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకో, బాల్కనీ మూలనో పావురాలు గూడు పెడితే వాటి మీద రక్తం తాగే సన్నటి పురుగులు, మైట్స్ ఉంటాయి. పావురం పిల్లలు ఎగిరిపోయాక ఆ మైట్స్‌కు తిండి దొరక్క కిటికీ సందుల్లోంచి లోపలికి పాకి మనల్ని కుడతాయి. అప్పుడు పరుపు తగలబెట్టినా లాభం లేదు, పాత గూడు తీసేయాలి. పురుగును కళ్లతో చూడకుండా మందు జోలికి వెళ్లకండి.

"ఒక పూట ఎండ చాలు." ఈ మాటలో సగం సత్యం ఉంది, అందుకే ఎక్కువ మోసపోతాం. నల్లికి నిజమైన శత్రువు వేడే. మన పెద్దవాళ్లు నులక మంచం వాకిట్లో వేసి, ఆ మంచం కోళ్ల సందుల్లో మరిగే నీళ్లు పోసేవారు. వాళ్లు ఎండను నమ్ముకోలేదు, మరిగే నీళ్లను నమ్ముకున్నారు. 45 డిగ్రీల వేడిలో పెద్ద నల్లి చావడానికి గంటన్నర పడుతుంది. అదే వేడిలో గుడ్లు చావాలంటే దాదాపు ఏడు గంటలు కావాలి. 50 డిగ్రీలు దాటితే పని త్వరగా అవుతుంది. రెంటచింతల ఎండలో పెట్టినా పరుపు పైభాగమే కాలుతుంది. నల్లి అడుగువైపు నీడకు జారుకుంటుంది. సాయంత్రం ఆ పరుపుతోపాటే లోపలికి వస్తుంది.

వేడిని సరిగ్గా వాడాలి. దుప్పట్లు, దిండు గలీబులు, బట్టలు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి, లేదా డ్రయర్ బాగా వేడిమీద అరగంట తిప్పాలి. పరుపు కుట్లకు, మంచం కీళ్లకు స్టీమర్ పట్టుకుని నిదానంగా, అంగుళం అంగుళం వెళ్లాలి. తడపలేని చిన్న వస్తువులను సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర నాలుగు రోజులు ఉంచాలి. మంచం కోళ్ల కింద నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు పెడితే నల్లులు ఎక్కలేవని విదేశీ వీడియోల్లో చూపిస్తారు. మన దగ్గర ఎక్కువగా ఉండేది ఉష్ణమండలపు నల్లి. దాని కాళ్లకు నున్నటి గోడల మీదా పట్టు దొరుకుతుందని 2017లో పరిశోధనలో తేలింది. కాబట్టి ఖాళీ గిన్నెలను నమ్ముకోకండి.

"పదిహేను రోజులు తాళం." పెద్ద నల్లి రక్తం లేకుండా వారాలు, ఒక్కోసారి నెలలు బతుకుతుంది. ఈలోగా పైపుల సందుల్లోంచి పక్క ఫ్లాటుకు నడిచి వెళ్తుంది. మీరు ఊరి నుంచి తిరిగి వచ్చేసరికి ఇద్దరి ఇళ్లలోనూ ఉంటాయి.

షాపులో దొరికే స్ప్రే సంగతి మెసేజ్‌లో లేదు గానీ అందరూ అడిగేది అదే. డీడీటీ అనే పాత పురుగుమందుకు తట్టుకున్న నల్లులు అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్‌లో 1947లోనే కనిపించాయి. దోమల మందుల్లో వాడే పైరెత్రాయిడ్లకు ఈనాటి నల్లులు చాలాచోట్ల లొంగడం లేదు. గది మధ్యలో పెట్టి పొగ వదిలే డబ్బాలను ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2012లో పరీక్షించారు. సందుల్లో దాక్కున్న నల్లులను అవి దాదాపు ఏమీ చేయలేకపోయాయి. లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిచినా ఒక్క రోజులో పని అయిపోదు. మిగిలిన గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి దాదాపు రెండు వారాలకు రెండోసారి కొట్టాలి. ఒక్కసారికే గ్యారంటీ ఇచ్చేవాళ్లను నమ్మకండి. మా ఇంట్లో మూడు సార్లు పట్టింది.

ఇక ఐదో మాట. సెల్ఫాస్ అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే ఆ మాత్ర ఫాస్ఫీన్ అనే విషవాయువుగా మారుతుంది. ధాన్యం గోదాముల్లో, టార్పాలిన్ కప్పి, మనుషులు లేకుండా చూసి వాడాల్సిన మందు అది. మన దేశంలో దాన్ని మామూలు జనానికి అమ్మడం నిషేధం. అయినా కొన్ని కొట్లలో అడిగితే కాగితంలో చుట్టి ఇస్తారు.

మీరు తలుపు మూశారు సరే, గ్యాస్‌కు తలుపు అడ్డమా? తలుపు కింద సందు, బాత్రూమ్ షాఫ్టు, గోడ పగులు, ఎక్కడ దారి ఉంటే అక్కడికి పోతుంది. పక్క గదిలో పడుకున్న పిల్లలకే ముందు తగులుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఛాతీ పట్టేసినట్టు ఉండటం చూసి ఫుడ్ పాయిజన్ అనుకుంటారు. ఈ విషానికి విరుగుడు లేదు. 2024 నవంబరులో చెన్నై దగ్గర కుండ్రత్తూరులో ఎలుకల కోసం మందు పెట్టిన ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. 2018లో ఈజిప్టులోని హర్ఘదాలో, పక్క గదిలో నల్లులకు కొట్టిన మందు ఆవిరి తలుపు సందులోంచి వచ్చి ఒక బ్రిటిష్ జంట ప్రాణం తీసింది. అక్కడ మందు వేరు, మూసిన తలుపు మీద పెట్టుకున్న నమ్మకం మాత్రం ఇదే.

ఎవరైనా ఇప్పటికే ఆ మాత్రలు పెట్టి ఉంటే, తీసేద్దామని గదిలోకి వెళ్లకండి. వాటి మీద నీళ్లు అసలు పోయకండి, గ్యాస్ ఇంకా ఎక్కువ వస్తుంది. ఇంట్లో అందరినీ, పక్క ఫ్లాటు వాళ్లను, పై ఫ్లాటు వాళ్లను బయటికి తీసుకురండి. ఎవరికైనా వాంతులో, ఆయాసమో ఉంటే తగ్గుతుందేమోనని చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే "ధాన్యం మాత్రలు పెట్టాం" అని చెప్పండి.