గడ్డికి అద్దె కట్టి ఏం లాభం?

మొన్న వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టాడు: "అమెరికాలో పొలం బీడు పెడితే గవర్నమెంటే డబ్బులిస్తుందట, అదృష్టమంటే వాళ్లది." కింద ఇరవై నవ్వుల బొమ్మలు. నేనుండేది కాన్సాస్‌లో. ఆ "బీళ్ల" మధ్య నుంచే ఆఫీసు పని మీద తిరుగుతుంటాను కాబట్టి ఊరుకోబుద్ధి కాలేదు.

అసలది బీడు కాదు. సీఆర్‌పీ (కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్) అనే నేల సంరక్షణ పథకం, 1985 ఫార్మ్ బిల్లుతో, అంటే అమెరికా వ్యవసాయ చట్టంతో వచ్చింది. మట్టి కొట్టుకుపోయే నేలలో పంట మానేసి, ప్రభుత్వం చెప్పిన రకం గడ్డి వేసి పెంచాలి. పది నుంచి పదిహేనేళ్ల కాంట్రాక్టు, ఎకరానికి ఇంత అని ఏటా అద్దె. కలుపు లేకుండా చూసుకోవాల్సింది ఓనరే. పక్షులు గూళ్లు పెట్టే నెలల్లో కొడవలి పెట్టకూడదు. మధ్యలో తప్పుకుంటే తీసుకున్నదంతా వడ్డీతో సహా కక్కాలి.

డాడ్జ్ సిటీ దారిలో ఒకచోట రోడ్డుకి ఇటు ఈ గడ్డి, అటు దున్ని వదిలేసిన చేను. మార్చిలో గాలి లేచిన రోజు చూడాలి. అటు నుంచి మట్టి పొగలా లేచి కారు అద్దం మీద సర్రుమని రాలుతుంది. ఇటు గడ్డి పడుకుని లేస్తుంది, అంతే. 1935 ఏప్రిల్ 14న ఈ ఊళ్లలో పట్టపగలే చీకటి చేసింది ఇలాంటి మట్టే. అందుకే గడ్డికి డబ్బు దండగ అంటే నేనొప్పుకోను.

నా మంటల్లా అది అద్దె అయినందుకే. 2007లో ఈ పథకం కింద 3.68 కోట్ల ఎకరాలుండేవి. మొక్కజొన్నతో చేసే ఇంధనం ఇథనాల్ పుణ్యమా అని మొక్కజొన్న రేటు ఎగిరింది. గడువు తీరినవాళ్లు చాలామంది మళ్లీ సంతకం పెట్టలేదు. 2014 బిల్లులో ప్రభుత్వమే పరిమితిని 2.4 కోట్లకు దించేసింది. ఏళ్ల తరబడి జనం సొమ్ముతో నేలలోకి దించిన వేళ్లు ఒక్క సీజన్‌లో ట్రాక్టర్ కింద పడ్డాయి! తడి నేలలకైతే సాగు చేసే హక్కుని ప్రభుత్వం శాశ్వతంగా కొనేసే పద్ధతి 1990 నుంచే ఉంది. డబ్బు ఎక్కువే, కానీ ఒక్కసారే పోతుంది కదా.

ఇంకో సంగతి. చెక్కు సాధారణంగా వెళ్లేది భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకి. కౌలుకి నాలుగెకరాలు వెతుక్కునే కుర్రాడు గవర్నమెంటుతోనే పోటీ పడాలి. ఈ గోల విన్నాకే 2018లో అద్దెను కౌంటీ (మన జిల్లా లాంటిది) సగటు కౌలులో 85 శాతానికి దించారు. కౌంటీలో పావు వంతు సాగు నేలకి మించి చేర్చుకోకూడదన్న రూలు మొదటి నుంచీ ఉంది. లేకపోతే విత్తనాల కొట్టు దగ్గర్నుంచి ధాన్యం గోదాము దాకా అన్నీ మూతపడతాయి. మన రైతుబంధు గుర్తురావడం లేదూ? 2018లో ఎకరానికి సీజన్‌కి 4 వేలు, అదీ పట్టాదారుకే. దున్నే కౌలు రైతు చూస్తూ నిలబడ్డాడు. కాకపోతే ఇక్కడ దున్నకుండా ఉన్నందుకు ఇస్తారు, అంతే తేడా.

నేను కాఫీకి ఆగే చోట ఒక పెద్దావిడ కనిపిస్తుంటారు. ఆమె కాంట్రాక్టు వచ్చే సెప్టెంబరు 30తో అయిపోతుంది. తర్వాత ఏం చేస్తారని అడిగాను.

"గోధుమ రేటు చూసి చెప్తా" అన్నారు, కప్పు దించకుండానే.