ఏ ఊళ్ళో, ఏ కాలేజీలో అని అడగకుండా సొరోరిటీ గురించి చెప్పకండి

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది అదే మెసేజ్. మొదట మా పిన్ని, తర్వాత డాలస్‌లో ఉన్న ఇద్దరు స్నేహితురాళ్ళు, నిన్న రాత్రి మా వదిన. సొరోరిటీలు, అంటే అమెరికా కాలేజీల్లో అమ్మాయిల సభ్యత్వ సంఘాలు, అమెరికా దక్షిణాదిన పుట్టాయట. ఏ కాలేజీలో చేరినా పాత సభ్యురాళ్ళు జీవితాంతం చెయ్యి పట్టుకుని నడిపిస్తారట. నల్లజాతి అమ్మాయిలు తమ ఇష్టంతోనే వేరు సంఘాలు పెట్టుకున్నారట, వాళ్ళను ఎవరూ ఆపలేదట.

పుట్టుక సంగతి తప్పనుకున్నాను. కాదు, నిజమే. ఆల్ఫా డెల్టా పై 1851లో, ఫై మ్యూ 1852లో, రెండూ జార్జియాలోని మేకన్‌లో ఒకే కాలేజీలో మొదలయ్యాయి.

"ఏ కాలేజీలో చేరినా" అన్నది ఒప్పుకోను. హార్వర్డ్ 2016లో ఇలాంటి సంఘాల్లో చేరేవారికి స్పోర్ట్స్ టీమ్ కెప్టెన్సీ ఇవ్వబోమంది, 2020లో గానీ వెనక్కి తగ్గలేదు. అలబామా యూనివర్సిటీలో మాత్రం ఏటా ఆగస్టులో రెండు వేలకు పైగా అమ్మాయిలు రష్‌కు, అంటే సొరోరిటీలు కొత్త సభ్యురాళ్ళను ఎంచుకునే తంతుకు, వస్తారు. అక్కడ అమ్మా అమ్మమ్మా ఏ సంఘమన్నది లెక్కలోకి వస్తుంది. పాత సభ్యురాలి సిఫారసు ఉత్తరం లేకుండా ఏళ్ళ తరబడి పని జరిగేది కాదు. గుంటూరు నుంచి వచ్చిన తల్లి ఆ ఉత్తరం ఎవరిని అడగాలి?

ఇక ఎవరూ ఆపలేదన్న మాట. ఇది చదివి నిద్రపట్టలేదు నాకు. 2013 సెప్టెంబరులో అలబామా యూనివర్సిటీ విద్యార్థి పత్రిక 'క్రిమ్సన్ వైట్' ఏం రాసిందో ఒక్కరైనా చూశారా? మంచి మార్కులున్న నల్లజాతి అమ్మాయిని తీసుకుందామని లోపలి అమ్మాయిలే అన్నారు. అడ్డుపడింది పాత సభ్యురాళ్ళు! నల్లజాతి విద్యార్థులు రాకుండా అలబామా రాష్ట్ర గవర్నర్ వాలెస్ అదే యూనివర్సిటీ గుమ్మంలో నిలబడింది 1963లో. యాభై ఏళ్ళు గడిచాక కూడా, విషయం దేశమంతా పొక్కి యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఆదేశిస్తే తప్ప సొరోరిటీల తలుపు సరిగా తెరుచుకోలేదు. చెయ్యి పట్టుకుని నడిపిస్తారన్నది ఈ చేతుల గురించేనా?

వేరు సంఘాలంటారా, 1908లో నల్లజాతి విద్యార్థులు చదివే హోవర్డ్ యూనివర్సిటీలో అమ్మాయిలు ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే సొరోరిటీ పెట్టుకున్న నాటికి తెల్లవాళ్ళ సొరోరిటీలు వాళ్ళను రానిచ్చేవి కావు. చదువు అయిపోయి ఎన్నేళ్ళయినా ఆ సంఘం సభ్యురాళ్ళు ఊరూరా గ్రాడ్యుయేట్ చాప్టర్లు (శాఖలు) నడుపుతారు. 2020లో తమ సభ్యురాలు కమలా హారిస్ వెనుక నిలబడింది వాళ్ళే.

వదినా, మీ అమ్మాయి చేరుతున్నది ఆస్టిన్‌లో. అక్కడే 1998లో దక్షిణాసియా అమ్మాయిలు కప్పా ఫై గామా అనే సొరోరిటీ మొదలుపెట్టారు. వెళ్ళి వాళ్ళతో ఒకసారి మాట్లాడమనండి. ఆ మెసేజ్ మాత్రం ఇంకెవరికీ పంపకండి.