ఉద్దానం కిడ్నీల మీద ఉప్పు కథలు ఆపండి

మా వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ అదే మెసేజ్. ఈసారి పంపినవాళ్ళలో ఒక టీచరు కూడా ఉన్నారు, అదే ఎక్కువ బాధ. సారాంశం ఇది: అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదన్న రూలు కంపెనీల కుట్ర. ప్యాకెట్ ఉప్పులో సైనైడ్ ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో ఇంతమందికి కిడ్నీలు పోతున్నది దానివల్లే. మన నౌపడ కల్లుప్పులో అయోడిన్ సహజంగానే ఉంటుంది, బీపీ రాదు, కిడ్నీ రోగులు ఎంతైనా తినొచ్చు. సుప్రీంకోర్టే ఆ రూలు కొట్టేసింది.

సైనైడ్ మాట వదిలేయండి. ఉప్పు గడ్డకట్టకుండా అతి కొద్దిగా కలిపే ఫెర్రోసైనైడ్ పేరు చూసి భయపెట్టడం అది. దానిలోని సైనైడ్ ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది, విషమయ్యేంతగా విడిపోదు.

కోర్టు మాటలో సగం నిజముంది, ఒప్పుకోవాలి. పాత నిబంధన కల్తీ నిరోధక చట్టం పరిధి దాటిందని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. అయోడిన్ హానికరమని మాత్రం అనలేదు. అదే ఆంక్ష తర్వాత ఆహార భద్రత చట్టం కిందికి వచ్చింది. అదీ నేరుగా తినడానికి అమ్మే ఉప్పుకే. ఎండుచేపలకూ పశువులకూ ఫ్యాక్టరీలకూ అమ్మేదానికి కాదు.

ఇక సహజ అయోడిన్. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు, 60 మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటాయి. ఆ అయోడిన్ అంతా ఉప్పులోకే వచ్చిందనుకున్నా, 5 గ్రాముల కల్లుప్పులో 9 మైక్రోగ్రాములు దాటదు. నిజానికి చాలావరకు నీటిలోనే మిగిలిపోతుంది. పెద్దవాళ్ళకు రోజుకు 150 కావాలి, గర్భిణికి 250. అది అందకపోతే దెబ్బతినేది కడుపులో బిడ్డ మెదడు. ఇది తెలుసుకోవడానికి పరాయివాళ్ళ మాట కూడా అక్కర్లేదు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1950ల్లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయను భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు అందేలా చూశారు. అయోడిన్ అందినచోట గాయిటర్, అంటే అయోడిన్ చాలక వచ్చే గొంతు వాపు, తగ్గింది; అందనిచోట తగ్గలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఉద్దానం మాట ఒక ఎత్తు. ఆ ప్యాకెట్ ఉప్పే శ్రీకాకుళం టౌనులో తింటున్నారు, విజయనగరంలో తింటున్నారు, ఢిల్లీలో తింటున్నారు. మరి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లోనే జబ్బు ఇంతగా ఎందుకుంది? నీళ్ళు, ఎండలో చాకిరీ, పురుగుమందులు, ఎన్నో కోణాల్లో ఏళ్ళుగా పరిశోధించారు. ఇదే కారణమని ఇంకా తేలలేదు. పరిశోధకులకు తేలనిది ఫోన్లో ఫార్వర్డ్ కొట్టినవాళ్ళకు ఎలా తేలింది?

"ఎంతైనా తినొచ్చు" అన్న మాట మాత్రం ప్రాణాలు తీస్తుంది. కల్లుప్పయినా పొడి ఉప్పయినా సైంధవ లవణమైనా ఉన్నది దాదాపు అంతా సోడియం క్లోరైడే. పాడైన కిడ్నీ ఆ సోడియాన్ని బయటకు పంపలేదు. ఒంట్లో నీరు చేరుతుంది, కాళ్ళు వాస్తాయి, బీపీ పెరుగుతుంది, ఆ బీపీ మిగిలిన కిడ్నీని కూడా తినేస్తుంది. డయాలసిస్ చేయించుకునే మనిషికి డాక్టరు ఉప్పు తగ్గించమని చెప్పి పంపితే, ఇంటికొచ్చేసరికి బంధువుల గ్రూపులో మీ మెసేజ్ ఎదురొస్తుంది. నోరు చప్పబడి ఉన్న మనిషి ఎవరి మాట వింటాడు? ఆయన ఊపిరాడక ఆసుపత్రికి పరిగెత్తిన రాత్రి ఈ మెసేజ్ పంపినవాళ్ళు వెంట వెళ్తారా?

కంపెనీల మీద కోపం మాత్రం నాకూ ఉంది. నౌపడ మడుల్లో ఎండకు మాడుతూ ఉప్పు తీసే చిన్న రైతు దగ్గర అయోడిన్ కలిపే యంత్రం ఉండదు, ప్యాకింగ్ ఉండదు. ముడి ఉప్పు వచ్చిన ధరకు వదులుకోవాల్సిందే. రూలు పెట్టిన ప్రభుత్వమే ఆ మడుల పక్కన అయోడిన్ కలిపే యూనిట్ పెట్టాలి. కల్లుప్పుకు కూడా అయోడిన్ పట్టించవచ్చు, అలాంటి ప్యాకెట్లు కిరాణా కొట్లలో దొరుకుతున్నాయి. ఈ డిమాండ్ రాసి పంపండి, నేనూ పది గ్రూపుల్లో పెడతాను. ఆ పాత మెసేజ్‌ని మాత్రం ఉద్దానం వాళ్ళున్న గ్రూపుల్లోంచి ఈరోజే తీసేయండి.